రైలు ముందే చెబుతుందట

పిల్లవాడు రైలు కింద పడి చనిపోతే అక్కడ కాలినడక వంతెన కట్టాలి. రైల్వేవాళ్ళు బొమ్మల పుస్తకం అచ్చు వేశారు.

పన్నెండు పేజీలు, నున్నటి కాగితం. అట్ట మీద ఇంజనుకి కళ్ళు, ముక్కు, బుగ్గలు, నవ్వే నోరు. ఆ నోట్లో పళ్ళు కూడా వేశాడు బొమ్మ గీసిన మహానుభావుడు. దాని ఖర్చుకి వంతెన రాదని అంటారు, నిజమే. కంచెకి పడిన కంత దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టి ఉండొచ్చు కదా అని అడిగినవాడు లేడు.

పట్టాలకి ఇవతల వాడ, అవతల బడి. మధ్యలో రెండు లైన్లు. చుట్టూ తిరిగి రోడ్డు వంతెన మీంచి వెళ్తే అరగంట, కంచె కంతలోంచి దూరితే నాలుగు నిమిషాలు. ఎవరైనా ఏ దారిన పోతారో చెప్పక్కర్లేదు. రైల్వే కాగితాల్లో అక్కడ దారి లేదు. ఆ లేని దారిలో రోజూ తొంభైమంది పిల్లలు నడుస్తారు. దారే లేనిచోట హారను కొట్టమని బోర్డు పెట్టరు కాబట్టి బోర్డూ లేదు.

పిల్లలకి పాఠం చెప్పడానికి ఒక డ్రైవరు కావాల్సి వచ్చింది. ఒకడు ఖాళీగా ఉన్నాడు. నలభై రోజులుగా ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుని, పొద్దున ఒక సంతకం, సాయంత్రం ఒక సంతకం పెట్టి ఇంటికి పోతున్నాడు. ఇంజను కింద మనిషి చనిపోతే విచారణ ముగిసేదాకా డ్రైవరుని ఇంజను ఎక్కనివ్వరు. అది రూలు. ఆ పిల్లవాడి మీదుగా వెళ్ళిన గూడ్సు ఈయనదే.

సేఫ్టీ ఇన్‌స్పెక్టరు వచ్చి, కూర్చుని బెంచీ అరగదీసే బదులు పోయి నాలుగు ముక్కలు చెప్పి రమ్మన్నాడు.

"ఆ బడికా సార్?"

"ఏ బడైతే ఏంటయ్యా. పిల్లలే కదా. నువ్వెవరో వాళ్ళకేం తెలుసు. పుస్తకంలో ఉన్నది చదువు, ఫొటోలు తీసుకుంటాను, వచ్చేద్దాం. సోమవారంతో నీ విచారణ మూసేస్తారు. మంగళవారం బండెక్కు."

ఇంకా రెండేళ్ళు సర్వీసు ఉంది డ్రైవరుకి. నోరు మూసుకుంటే ఆ రెండేళ్ళూ ఉంటాయి. తెరిస్తే ఉండవు. ఎందుకంటే ఆయన రాసిచ్చిన వాంగ్మూలంలో ఒక అబద్ధం ఉంది. "దూరము నుండియే మూడు పర్యాయములు పొడవుగా హారను మ్రోగించితిని. బాలుడు, బాలిక లెక్కచేయక పట్టాలు దాటుచుండిరి." చెప్పింది ఇన్‌స్పెక్టరు, రాసింది డ్రైవరు. నిజానికి ముందుగా ఒక్కసారి కూడా కొట్టలేదు.

కొట్టకపోవడం మరుపు కాదు. అవతలివైపు కొత్తగా లేచిన అపార్టుమెంట్లవాళ్ళు నిద్ర పాడవుతోందని అర్జీ పెట్టారు. అర్జీ పెట్టిన వారంలోనే ఆర్డరు వచ్చింది, బోర్డు లేనిచోట హారను కొట్టకూడదని. వాడవాళ్ళు వంతెన కోసం తొమ్మిదేళ్ళుగా అర్జీలు పెడుతున్నారు. వాళ్ళకింకా జవాబు రాలేదు. ఆర్డరు వచ్చాక కూడా కొట్టిన ఇద్దరు డ్రైవర్లకి మెమోలు ఇచ్చారు. ఆ తర్వాత ఎవడూ కొట్టలేదు. పిల్లవాడు చనిపోయిన సాయంత్రం, కొట్టవద్దన్న ఆ ఆఫీసే కొట్టానని రాయమంది. ఇంజనులో ఉండే పెట్టె వేగం రాసుకుంటుంది, బ్రేకు రాసుకుంటుంది, హారను రాసుకోదు. కాబట్టి డ్రైవరు ఏది రాస్తే అదే నిజం.

* * *

ఒకటో తరగతీ రెండో తరగతీ కలిపి ఒకే గదిలో కూర్చోబెట్టారు. ముప్పై ఎనిమిది మంది. గోడకి సున్నం పెచ్చులూడుతోంది. టీచరమ్మకి పొద్దున్నుంచీ అరిచి అరిచి గొంతు పోయింది. సైగ చేసి, మామయ్య చెప్పేది వినమంది. ఇన్‌స్పెక్టరు వెనక బెంచీలో ఇరుక్కుని కూర్చుని కెమెరా తీశాడు.

డ్రైవరు పుస్తకం తెరవలేదు. అందులో రైలు కొండల్నీ పూలనీ పలకరిస్తూ పోతుంది, అది చదవడానికి నోరు రాలేదు. మీకేం తెలుసుకోవాలని ఉందో మీరే అడగండి అన్నాడు. ముందు వరసలో బొద్దుగా ఉన్న ఒకడు లేచాడు. క్లాసంతా వాడిని బూరె అంటారు.

"రైలుకి స్టీరింగు ఎక్కడుంటుంది?"

ఉండదన్నాడు డ్రైవరు. మరి ఎలా తిరుగుతుందని క్లాసంతా అడిగింది. టీచరమ్మ సుద్దముక్కలు దాచుకునే రేకు డబ్బా మూత అడిగి తీసుకున్నాడు. దాన్ని చక్రంలా నిలబెట్టి, మూత అంచు బల్ల చెక్కకి పక్కగా ఆనేలా దొర్లించాడు. చెక్క ఎటు పోతే మూతా అటే పోయింది. రైలు చక్రానికీ లోపలివైపు ఇలాంటి అంచే ఉంటుందని చెప్పాడు. పట్టా ఎటు తీసుకెళ్తే బండి అటే పోవాలి. పక్కకి తప్పుకోవడం దాని చేతిలో లేదు, డ్రైవరు చేతిలోనూ లేదు. మూత కోసం పిల్లలు కొట్టుకున్నారు. ఒక్కొక్కరూ ఒక్కోసారి దొర్లించేదాకా ఆగాడు.

"ఇంజనులో బాత్రూం ఉంటుందా?" బూరె మళ్ళీ లేచాడు.

"నా దాంట్లో లేదు."

"మరి వస్తే?"

"ఆపుకోవాలి."

"ఎంతసేపు?"

"ఒక్కోసారి తొమ్మిది గంటలు."

ఒక పిల్ల, పాపం, అంది. మిగతావాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. వెనక నుంచి ఇన్‌స్పెక్టరు దగ్గాడు. ఆ దగ్గుకి అర్థం పుస్తకం తెరవమని.

డ్రైవరు పిల్లల్ని బయటికి తీసుకెళ్ళాడు. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని నిలబడమన్నాడు. ముందు నిలబడ్డ బూరె ఇంజను, మిగతావాళ్ళు పెట్టెలు. ముందు నెమ్మదిగా, తర్వాత పరుగు. నేను చెయ్యెత్తగానే ఇంజను ఆగాలి అన్నాడు. చెయ్యెత్తాడు. బూరె ఆగాడు, వెనకవాళ్ళు ఆగలేదు. ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి, బూరెని గేటుదాకా తోసుకుపోయారు. మోకాళ్ళు గీరుకున్నవాళ్ళు కూడా మళ్ళీ ఆడదామన్నారు.

"చూశారా. మీరు ఇంతమందే, అంత దూరం పోయారు. నాకు యాభై ఎనిమిది పెట్టెలు. ఒక్కో పెట్టె మీ బడంత బరువు. నేను బ్రేకు వేశాక బండి ఇక్కణ్ణుంచి బజారు దాకా పోయి ఆగుతుంది."

"మా నాన్న సైకిలు వెంటనే ఆగిపోద్ది," అన్నాడు ఒకడు.

"మీ నాన్న సైకిలు మంచిది," అన్నాడు డ్రైవరు.

ఒక పిల్ల మాత్రం ఆటలో కలవలేదు. ఎనిమిదేళ్ళు ఉంటాయి. గోడకి ఆనుకుని నిలబడింది. వరసలో ఆమె ముందుగానీ వెనకగానీ నిలబడడానికి ఎవరూ ఒప్పుకోలేదు. డ్రైవరు రమ్మన్నాడు.

"అది చెవిటిది మామయ్యా," అన్నాడు బూరె. "మీరు ఆగమన్నా దానికి వినబడదు. గుద్దేస్తది."

నిజమే అనుకున్నాడు డ్రైవరు. దగ్గరికి వెళ్ళి, వంగి, గొంతు పెంచి, నువ్వు చివరి పెట్టెవి అవుతావా అని అడిగాడు.

"అరవక్కర్లేదు. వినబడతది," అందా పిల్ల.

* * *

మళ్ళీ గదిలోకి వచ్చాక ఇన్‌స్పెక్టరు లేచి వచ్చి పుస్తకం ఆరో పేజీ తెరిచి డ్రైవరు చేతిలో పెట్టాడు. ఈ పేజీ పిల్లల చేత మూడుసార్లు అనిపించాలి, ఫొటో దీనికే అన్నాడు. పెద్ద అక్షరాలు. "కూ అని పాడి రైలు ముందే చెబుతుంది, నేను వస్తున్నానని. పాట వినగానే మనం ఆగుదాం."

పిల్లలు అన్నారు. మొదటిసారి గోలగా, రెండోసారి రాగంతో. ఇన్‌స్పెక్టరు కెమెరా పైకెత్తాడు. మూడోసారి అనబోతుంటే, గదిలోనూ గోడ దగ్గరే కూర్చున్న ఆ పిల్ల అంది:

"చెప్పదు."

క్లాసు నవ్వింది. చెవిటిదానికేం తెలుసే అన్నాడెవడో. పిల్ల తల దించుకోలేదు. పుస్తకంలో బొమ్మకేసి చూస్తూ మళ్ళీ అంది, చెప్పదని.

టీచరమ్మ డ్రైవరు పక్కకి వచ్చి, మిగిలిన గొంతుతో చెవిలో చెప్పింది. మొన్న పోయిన పిల్లాడికి అక్క. చెయ్యి పట్టుకుని దాటించింది ఇదే. చప్పుడేమీ రాలేదని మొదట్నుంచీ అంటూనే ఉంది. డ్రైవరు మూడుసార్లు హారను కొట్టాడని ఆఫీసర్లు వీధిలో నిలబడి కాగితం చదివారు. ఊరంతటికీ వినబడేది దీనికెందుకు వినబడలేదని తల్లి చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. చెవులు దివ్యంగా ఉన్నాయన్నాడు డాక్టరు. ఆ మాటతో అసలు కొంప మునిగింది. చెవులు బాగుంటే, వినబడినా లాక్కెళ్ళావన్నమాట అంది తల్లి. అప్పట్నుంచీ పిల్లతో మాటల్లేవు. అన్నం పెడుతుంది, జడ వేస్తుంది, మాట్లాడదు. బళ్ళో పిల్లలు దీనికి చెవిటిదని పేరు పెట్టారు.

డ్రైవరు విన్నాడు. ఆ రోజు పెద్దపిల్ల దాటేయడం, చిన్నవాడు చెయ్యి విడిపించుకుని ఆగడం ఆయన అద్దంలోంచి చూశాడు. పెద్దపిల్ల బతికింది కదా అని నలభై రోజులూ మనసుకి సర్దిచెప్పుకున్నాడు. తాను రాసిన వాక్యం ఆ పిల్లకి పేరై కూర్చుందని ఆయనకి ఇప్పుడే తెలిసింది. అదే వాక్యం బొమ్మలు వేసుకుని ఆరో పేజీలోకి వచ్చింది. ముప్పై ఎనిమిది మంది చేత దాన్ని వల్లె వేయించి, రేపు పొద్దున కంచె కంత దగ్గరికి పంపాలి. వాళ్ళు చెవులొగ్గి పాట కోసం నిలబడతారు. పాట రాకపోతే రైలు లేదనుకుని దాటుతారు.

"పెన్సిళ్ళు ఉన్నాయా?" అని అడిగాడు.

ఉన్నాయన్నారు.

"ఆరో పేజీ తప్పు. కొట్టేయండి."

అచ్చు పుస్తకాన్ని కొట్టేయమని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు వాళ్ళకి. కాగితం చిరిగేదాకా కొట్టేశారు. బూరె ఇంజను కళ్ళు కూడా పొడిచాడు. ఇన్‌స్పెక్టరు లేచి నిలబడ్డాడు.

డ్రైవరు బోర్డు మీద ఏటవాలుగా ఒక గీత గీశాడు. ఉయ్యాల ఎక్కినవాళ్ళు చేతులెత్తమన్నాడు. పైకి పోవాలంటే ఏం చేస్తారని అడిగాడు. కాళ్ళు ఊపుతామన్నారు. మరి కిందికి రావాలంటే? ఊరికే వచ్చేస్తుందన్నారు. రైలూ అంతేనన్నాడు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తుంది, మూలుగుతుంది, మీకు వినబడుతుంది. ఎత్తు నుంచి దిగేటప్పుడు మేం మోటారు ఆపేస్తాం. బరువుకి అదే జారుతూ వస్తుంది. చప్పుడంతా దాని వెనకాలే ఉండిపోతుంది, ముందుకి రాదు. మీ బడివైపు లైను దిగే లైను.

"మీ దగ్గర రైలు పాడదు. పాడొద్దని ఆర్డరు ఉంది. చెవుల్ని నమ్మొద్దు. ఆగి, నీళ్ళ ట్యాంకు ఉన్న ఎత్తువైపు చూడండి. ఒక బండి పోయాక కూడా చూడండి. దాని వెనక రెండోది ఉండొచ్చు. కనబడినంత దూరం ఖాళీగా ఉంటేనే. లేకపోతే బడికి ఆలస్యమైనా పర్లేదు. టీచరమ్మ కొట్టదు."

టీచరమ్మ కొట్టనని తల ఊపింది.

"చాల్లేవయ్యా, పిల్లలు దడుచుకుంటారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అప్పుడు గోడ దగ్గర పిల్ల అడిగింది. గొంతులో కోపం కూడా లేదు, దారి అడిగినట్టు అడిగింది.

"ఆ రోజు కొట్టారా?"

ఇన్‌స్పెక్టరు డ్రైవరుకేసి చూశాడు. డ్రైవరు సుద్దముక్క బల్ల మీద పెట్టాడు.

"కొట్టలేదు. ఆ బండి నాదే. చెయ్యి బ్రేకు మీదికి పోయింది. హారను మీదికి వచ్చేసరికి అయిపోయింది."

బూరె అన్నాడు, "అయితే అది చెవిటిది కాదా?"

"కాదు. అది చెప్పిందే నిజం. నేను రాసింది అబద్ధం."

పిల్లకి ఏడుపు రాలేదు. డ్రైవరు ముఖంలో ఏదో వెతికింది. తర్వాత పుస్తకం మూసేసింది.

"మా అమ్మకి చెప్పండి," అంది.

వరండాలోకి వచ్చాక ఇన్‌స్పెక్టరు డ్రైవరు భుజం మీద చెయ్యి వేశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"పిల్లల దగ్గర వాగావు, పోనీ. పిల్లల మాట ఎవడు వింటాడు. నేనూ వినలేదనుకో. ఇంటికి పోయి పడుకో, మంగళవారం బండెక్కు. ఆవిడ దగ్గరికి మాత్రం పోకు. ఆవిడకి చెబితే కోర్టుకి చెప్పినట్టే. ఆర్డరు బయటికొస్తే నువ్వొక్కడివే కాదు, పైనున్న నలుగురు పోతారు."

పైనున్న నలుగురు పోతారన్న మాట డ్రైవరుకి అంత భారంగా తోచలేదు. పిల్లల మాట ఎవడు వింటాడన్నదే పొడిచింది. నలభై రోజులుగా ఒక పిల్ల మాట ఎవడూ వినలేదు మరి.

* * *

తల్లి పనిచేసేది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో. బడి విడిచాక ముగ్గురూ బయల్దేరారు, పిల్ల, డ్రైవరు, టీచరమ్మ. పరాయి మగవాడి వెంట పిల్లని పంపడం పద్ధతి కాదని టీచరమ్మ కూడా వచ్చింది. కంచె కంత దగ్గర పిల్ల ఆగలేదు, అటు చూడనైనా లేదు. రోడ్డు వంతెనకేసి నడిచింది. ఆ రోజు తర్వాత అరగంట దారే నడుస్తోందని టీచరమ్మ చెప్పింది. దారిలో ఒకచోట పిల్ల వెనక్కి తిరిగి, మీ కాళ్ళు నొప్పా, నెమ్మదిగా వస్తున్నారేం అని అడిగింది. లేదన్నాడు.

లాండ్రీ లోపల ఆవిరి. తడి బట్ట, కాలిన సబ్బు వాసన. మనిషి నడుమంత లావు ఇనుప రోలరు తిరుగుతోంది. ఇద్దరు ఆడవాళ్ళు అటొకరు ఇటొకరు నిలబడి దుప్పటి అంచులు లాగి పట్టి దాని కిందికి పంపుతున్నారు. అవతల నుంచి పొడి దుప్పటి వస్తోంది. వేళ్ళు ఒక్క అంగుళం లోపలికి పోతే అంతే. తల్లి ముంజేతుల మీద కాలిన చారలు ఉన్నాయి. కూతుర్ని చూసింది, టీచర్ని చూసింది, మళ్ళీ ఏం చేసిందన్నట్టు ముఖం పెట్టింది.

డ్రైవరు రోలరు దగ్గరికి వెళ్ళాడు. నేను ఆ బండి డ్రైవర్నమ్మా అన్నాడు.

ఆమె దుప్పటి వదల్లేదు. చేతిలో ఉన్నది రోలరు కిందికి పూర్తిగా పంపింది. తర్వాత మీట లాగి మెషిను ఆపింది. అది ఆగడానికి కొంతసేపు పట్టింది. ఎదురుగా ఉన్నావిడ, ఏమైందొదినా అంది.

"హారను కొట్టలేదు," అన్నాడు డ్రైవరు. "కొట్టానని రాసింది అబద్ధం. నీ కూతురు వినకపోవడం కాదు. వినడానికి అక్కడేం లేదు."

"వాళ్ళు కనబడ్డారా నీకు?"

"కనబడ్డారు."

"ఎంతసేపు?"

"పదకొండు సెకన్లు."

ఆమె ఆ పదకొండూ లోపల లెక్కపెట్టుకున్నట్టు నిలబడింది. తిడుతుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు, దానికి సిద్ధపడే వచ్చాడు. ఆమె గల్లా దగ్గరికి వెళ్ళి ఎన్ని దుప్పట్లు వచ్చాయో రాసే చీటీల బొత్తి తెచ్చి ముందు పెట్టింది.

"నోటితో చెప్పిన మాట సాయంత్రానికి ఉండదన్నా. కాగితం చదివే కదా నన్ను నమ్మించారు. కాగితం మీదే రాసియ్యి."

రాశాడు. ఒక చీటీ సరిపోలేదు, రెండు పట్టాయి. ఆర్డరు సంగతి, హారను కొట్టానని రాయమన్నది ఎవరు, తాను ఎందుకు రాశాడు, అన్నీ రాశాడు. సంతకం కింద తన హోదా, డిపో పేరు రాసేటప్పుడు చెయ్యి ఆగింది. అది రాస్తే రెండేళ్ళు పోతాయి. రాశాడు.

తల్లి చీటీలు తీసుకుని, చూసి, కూతురికిచ్చింది. ఆమెకి చదవడం రాదు.

"చదువు."

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజు తర్వాత కూతురితో ఆమె అన్న మొదటి మాట అది. పిల్ల కూడబలుక్కుని చదివింది. రెండో తరగతి చదువు, పెద్ద పదాల దగ్గర ఆగింది, టీచరమ్మ అందించబోతే వద్దని తల ఊపింది. లాండ్రీలో అందరూ పని ఆపేశారు. ఒకచోట పిల్ల ఆగిపోయింది.

"బాలుడు అంటే ఎవరు?"

"మీ తమ్ముడు," అన్నాడు డ్రైవరు. ఆఫీసు కాగితాల అలవాటు, అలాగే రాసేశాడు.

"అయితే తమ్ముడని రాయండి."

కొట్టేసి తమ్ముడని రాశాడు. పిల్ల ఆ వాక్యం మొదటికెళ్ళి చదివింది. హారను కొట్టలేదు అన్నచోట గొంతు కొంచెం పెద్దదైంది. కావాలని చేసిందో ఏమో తెలియదు. చివరిదాకా చదివి తల్లికేసి చూసింది.

"మళ్ళీ చదువు," అంది తల్లి.

మళ్ళీ చదివింది. ఈసారి తల్లి అటు తిరిగి, రోలరు మీద చెయ్యి వేసి విన్నది. అది ఇంకా వేడిగానే ఉంది, చెయ్యి తియ్యలేదు. ఎదురుగా ఉన్నావిడ వచ్చి ఆ చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

తల్లి కూతుర్ని దగ్గరికి తీసుకోలేదు. తీసుకోవడానికి ఏ ముఖం పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు. చీటీలు మడిచి రవిక లోపల పెట్టుకుంది. కాలితో ఒక స్టూలు కూతురి వైపు తోసింది.

"కూర్చో. ఇంకా అరవై ఉన్నాయి. అయ్యాక ఇద్దరం కలిసి పోదాం."

మీట పైకెత్తింది. మెషిను మళ్ళీ తిరిగింది. డ్రైవరుని ఉండమనీ ఎవరూ అనలేదు, పొమ్మనీ ఎవరూ అనలేదు. కొంతసేపు నిలబడ్డాడు. తర్వాత ఆఫీసుకి వెళ్ళి, తన పాత వాంగ్మూలం వెనక్కి తీసుకుంటున్నానని కొత్త కాగితం అడిగాడు. ఇచ్చే గుమాస్తా లేడు, రేపు రమ్మన్నారు. బెంచీ మీద కూర్చున్నాడు.